మీకు తెలుసా? పశువుల కథలో ప్రచారతంత్రం
తిరుపతి జిల్లా శ్రీకాళహస్తితో పేరు పెనవేసుకున్న కవి ధూర్జటి 16వ శతాబ్దంలో తన శతకంలో రాజుల మదాన్ని సూటిగా గర్హించగా, బీహారులోని మోతీహారిలో 1903లో జన్మించిన జార్జ్ ఆర్వెల్ 1945 నాటి ‘యానిమల్ ఫామ్’ నవలలో అన్యాపదేశాన్ని, అంటే ఒక కథ చెబుతూ మరొక వాస్తవాన్ని స్ఫురింపజేసే పద్ధతిని, ఆశ్రయించి సోవియట్ నియంత స్టాలిన్ పాలనను అధిక్షేపించాడు. 1941–43 మధ్య బి.బి.సి.లో భారత శ్రోతల కోసం యుద్ధకాల ప్రసారాలు రూపొందించినవాడు కాబట్టి, ప్రచారం, అనగా అధికారానికి అనుకూలంగా జనాభిప్రాయాన్ని మలిచే పని, ఎలా సాగుతుందో ఆయనకు దగ్గరగా తెలుసు. జంతువులు తమ పాలన కోసం గోడమీద రాసుకున్న ఏడు సూత్రాలు గుట్టుగా మారిపోతుంటే, ఆ జంతువులు తమ జ్ఞాపకాన్నే శంకించుకునే ఘట్టాలు నవలలోకెల్లా నిశితమైనవి. ఆర్వెల్ మరణానంతరం ఈ నవలనే అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. రహస్యంగా నిధులిచ్చి, ముగింపు మార్పించి, 1954లో యానిమేషన్ చిత్రంగా తీయించింది.