జాబ్ చేస్తూ ఆన్‌లైన్‌లో డిగ్రీ: 'వన్ సిట్టింగ్' అని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నా. పంపిన తమ్ముడికి 26 ఏళ్లు, శంషాబాద్ వైపు ఒక గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్. ఇంటర్ అయ్యాక బీటెక్‌లో చేరాడు, రెండో ఏడాదిలో నాన్నకి ఒంట్లో బాగోలేక మానేశాడు. ఇప్పుడు అక్కడ మేనేజర్ పోస్టు ఖాళీ. పని మొత్తం ఇతనే చూస్తున్నాడు, కానీ హెచ్‌ఆర్ వాళ్లు డిగ్రీ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 60 వేలకి 'వన్ సిట్టింగ్'లో డిగ్రీ ఇప్పిస్తామన్నారట. "అన్నా, సగం శుక్రవారం లోపు కట్టాలి. కట్టెయ్యనా?" అని అడిగాడు.

వద్దు తమ్ముడూ. ఎందుకో చెప్తా.

వన్ సిట్టింగ్ అంటే మూడేళ్ల పరీక్షలు ఒకేసారి రాయించి, లేదా అసలు రాయించకుండా, పాత తేదీలతో మెమోలు చేతిలో పెట్టడం. మూడేళ్ల కోర్సుకి మూడేళ్లు పడుతుంది, అంతే. 'క్రెడిట్ ట్రాన్స్‌ఫర్' అనే మాట వాడి నమ్మిస్తారు. ఆ పద్ధతి నిజంగానే ఉంది, కానీ అది మీరు ముందే చదివి పాసైన సబ్జెక్టులని యూనివర్సిటీ పరిశీలించి లెక్కలోకి తీసుకోవడం. కన్సల్టెన్సీ టేబుల్ మీద జరిగేది కాదు.

నేను బీటెక్ అయ్యి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరినప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చూశా. మన జిరాక్స్ చూసి ఊరుకోరు. వేరే ఏజెన్సీకి ఇస్తారు, వాళ్లు హాల్ టికెట్ నంబర్, పాసైన సంవత్సరం పట్టుకుని నేరుగా యూనివర్సిటీని అడుగుతారు. అక్కడ "ఈ నంబర్ మా రికార్డుల్లో లేదు" అని జవాబు వస్తే మేనేజర్ పోస్టు సంగతి తర్వాత, ఉన్న సూపర్‌వైజర్ ఉద్యోగం కూడా పోతుంది. పైగా దొంగ సర్టిఫికెట్ పెట్టడం క్రిమినల్ కేసు. 2018లో చదివినట్టు పాత తేదీ వేసి ఇస్తే ఇంకో చిక్కు: ఆ టైంలో మీరు ఎక్కడో ఫుల్ టైం డ్యూటీలో ఉన్నట్టు పీఎఫ్ రికార్డు చెప్తుంటే, రెగ్యులర్ డిగ్రీ ఎలా చదివారని అడుగుతారు కదా?

సరే, మరి కరెక్ట్ దారి ఏంటి? యూజీసీ 2020 రెగ్యులేషన్స్ ప్రకారం, గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి డిస్టెన్స్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేసిన డిగ్రీ, కాలేజీకి వెళ్లి చేసిన డిగ్రీతో సమానం. 2022లో యూజీసీ ఇదే మాట మళ్లీ స్పష్టంగా చెప్పింది. కాబట్టి "ఆన్‌లైన్ డిగ్రీ చెల్లదురా" అని చుట్టాలు అంటే కంగారు పడకండి.

డిస్టెన్స్, ఆన్‌లైన్ రెండూ ఒకటి కావు. డిస్టెన్స్‌లో పుస్తకాలు, స్టడీ సెంటర్, సెంటర్‌కి వెళ్లి పరీక్ష. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ మన హైదరాబాద్‌లోనే 1982లో వచ్చింది, ఇప్పటి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. తర్వాత 1985లో ఇగ్నో. దానికి హైదరాబాద్, విజయవాడ, విశాఖలో రీజనల్ సెంటర్లు ఉన్నాయి. ఇక ఆన్‌లైన్ అంటే క్లాసులు, మెటీరియల్ అంతా ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో. ఇక్కడ ఒక రూల్ గుర్తు పెట్టుకోండి. వేరే రాష్ట్రంలోని ప్రైవేట్ యూనివర్సిటీ తన పరిధి దాటి డిస్టెన్స్ స్టడీ సెంటర్ నడపకూడదు. ఎక్కడో ఉత్తరాది యూనివర్సిటీ స్టడీ సెంటర్ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులో ఉందంటే, మెట్లెక్కక్కర్లేదు. ఆన్‌లైన్ కోర్సుకి మాత్రం ఆ హద్దు లేదు.

చెక్ చేయడం ఐదు నిమిషాల పని. యూజీసీకి డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అని ఒక విభాగం ఉంది, అందరూ డెబ్ అంటారు. వాళ్ల వెబ్‌సైట్‌లో లిస్ట్ ఉంటుంది. యూనివర్సిటీ పేరు ఉంది కదా అని ఆగిపోవద్దు. మీరు చేరే కోర్సు ఉందా, ఏ మోడ్‌లో ఉంది, మీరు చేరే సెషన్‌కి పర్మిషన్ ఉందా, ఇవన్నీ కలిసి ఉండాలి. ఎంబీఏకి పర్మిషన్ ఉన్న యూనివర్సిటీకి బీకాంకి లేకపోవచ్చు.

2024 సెప్టెంబర్ నుంచి ఇంకో మెట్టు వచ్చింది, డెబ్ ఐడీ. ముందు డిజీలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ చేసుకోవాలి, దాంతో డెబ్ ఐడీ వస్తుంది, అది లేకుండా అడ్మిషన్ లేదు. ఇది మీరే చేసుకోండి. "ఓటీపీ చెప్పు బ్రో, మేం చేసేస్తాం" అంటే చెప్పొద్దు. ఫీజు కూడా యూనివర్సిటీ అకౌంట్‌కే వెళ్లాలి. కన్సల్టెన్సీ ఫోన్‌పే నంబర్‌కి కాదు. 'నో కాస్ట్ ఈఎంఐ' అని సంతకం పెట్టిస్తే అది మీ పేరు మీద లోన్. మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు.

ఈ తమ్ముడు ఇంకోటి అడిగాడు, ఆగిపోయిన బీటెక్‌ని ఆన్‌లైన్‌లో పూర్తి చెయ్యొచ్చా అని. కుదరదు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి ఈ మోడ్‌లో అనుమతించరు. ఆన్‌లైన్ బీటెక్ అని ఎవరు అమ్మినా నమ్మకండి. బీకాం, బీబీఏ, బీసీఏ, బీఏ లాంటివి ఉన్నాయి. గోడౌన్, సప్లై చెయిన్ లైన్‌లోనే పైకి వెళ్లాలంటే నా ఓటు బీబీఏకి లేదా బీకాంకి.

కోడింగ్ వైపు మారాలనుకునేవాళ్లకి ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ప్రోగ్రామ్ ఉంది. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాలు పాఠాలు చదివి, అసైన్‌మెంట్లు చేసి, క్వాలిఫయర్ పరీక్ష పాసైతే సీటు. వయసు పరిమితి లేదు. మధ్యలో ఆగినా, పూర్తి చేసిన దశని బట్టి ఫౌండేషన్ సర్టిఫికెట్, డిప్లొమా, బీఎస్సీ ఇలా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. నాలుగేళ్ల బీఎస్ చివరిది. కానీ తేలిక కాదు. ఒక్కో సబ్జెక్టుకి వారానికి దాదాపు 10 గంటలు అని వాళ్లే చెప్తారు. రెండు తీసుకుంటే 20 గంటలు. క్విజ్‌లు, ఫైనల్స్ సెంటర్‌కి వెళ్లే రాయాలి. నైట్ షిఫ్ట్ వాళ్లు ఒక టర్మ్‌కి ఒక్క సబ్జెక్టుతో మొదలుపెడితే మంచిది. ఆలస్యం అవుతుంది, కానీ మానేసే ఛాన్స్ తగ్గుతుంది.

మామూలు ఆన్‌లైన్ డిగ్రీలో కూడా చివరి పరీక్షకే కనీసం 70 శాతం వెయిటేజ్. వీడియోలు ప్లే చేసి పక్కన పెట్టేస్తే పాసవ్వరు. చేరే ముందే పరీక్షల నెలలు కనుక్కుని, ఆ వారానికి లీవ్ గురించి మేనేజర్‌తో మాట్లాడి పెట్టుకోండి. ఈ తమ్ముడికైతే ఇంకో మాట చెప్పా: అడ్మిషన్ కన్ఫర్మేషన్ లెటర్ తీసుకెళ్లి హెచ్‌ఆర్‌కి చూపించి, 'డిగ్రీ చదువుతున్నాను' అని రాతపూర్వకంగా ఇవ్వమని. యాక్టింగ్ మేనేజర్‌గా పెట్టే కంపెనీలు ఉన్నాయి. ఒప్పుకోకపోయినా, దాచిపెట్టే కాగితం ఏదీ మీ ఫైల్‌లో ఉండదు.

లాస్ట్‌గా సర్టిఫికెట్ల సంగతి. ఫీజు బాకీ అని పాత కాలేజీలో ఇంటర్ మెమో ఇరుక్కుపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒరిజినల్స్ అలా ఆపి ఉంచకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, రాతపూర్వకంగా అడగండి. ఈలోపు మీ ఏడాది మెమో డిజీలాకర్‌లో ఉందేమో వెతకండి, లేకపోతే ఇంటర్ బోర్డుకి డూప్లికేట్ కోసం అప్లై చెయ్యండి. అసలు ఇంటరే పూర్తి కానివాళ్లు ముందు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టండి. ఏపీలో, తెలంగాణలో వేర్వేరు సొసైటీలు ఉన్నాయి, వాటి గురించి వచ్చే ఎపిసోడ్‌లో.