బొడ్డుతాడు రక్తం దాచాలా?

మా మరదలికి ఏడో నెల. బొడ్డుతాడు రక్తం దాచిపెడతామంటూ ఓ కంపెనీ అమ్మాయి ఇంటికే వచ్చింది. "రేపు బిడ్డకు ఏ జబ్బొచ్చినా ఇదే మందు మేడమ్" అంది. "గాజులు అమ్మైనా కడదాం వదినా" అంటుంది మా పిల్ల.

అందులోని మూలకణాలు కొత్త రక్తాన్ని పుట్టిస్తాయన్నది నిజమే. 1988లో పారిస్‌లో ఫాంకోనీ ఎనీమియా ఉన్న అయిదేళ్ల బాబుని బతికించింది అలాంటి రక్తమే. కానీ అది వాడిది కాదండీ, తర్వాత పుట్టిన చెల్లెలిది! తలసీమియా లాంటి వంశపారంపర్య జబ్బుల్లో బిడ్డ సొంత మూలకణాల్లోనూ అదే లోపం ఉంటుంది మరి. ఎవరి రక్తం వాళ్లకోసం దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని 2017లో ఐసీఎంఆర్ తేల్చింది. ఇంట్లో అప్పటికే జబ్బుతో ఉన్న తోబుట్టువు ఉంటే వేరే మాట.

పిండాల నుంచి మూలకణాలు తీయొచ్చా అని 1998 నుంచీ లోకమంతా వాదులాట. కడుపుతో ఉన్నదాని భయంతో బేరమాడటం గురించి అంత గొడవ లేదేం?

ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. గాజులు మాత్రం బీరువాలో పెట్టి తాళం నేనే వేశాను.