గీతకు రెండు పాయింట్లు ఇవతల

2013 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగర విద్యాశాఖకు ఒక ఇబ్బందికరమైన సంగతి ఒప్పుకోక తప్పలేదు. ప్రభుత్వ బడుల్లో ప్రతిభావంతులైన పిల్లలకు నడిపే గిఫ్టెడ్ తరగతులకు అర్హులు కారని కొద్ది వారాల ముందు ఇళ్లకు కబురు వెళ్లిన పిల్లల్లో సుమారు 2,700 మంది నిజానికి అర్హులే. పరీక్ష పత్రాలు దిద్దిన పియర్సన్ కంపెనీ పిల్లల వయసు లెక్కగట్టడంలో పొరపాటు చేసింది. ఈ పరీక్షల్లో వచ్చిన మార్కును అదే వయసు పిల్లల మార్కులతో పోల్చి పర్సంటైల్ ఇస్తారు. వయసు కొన్ని రోజులు అటూ ఇటూ అయినా పోల్చే పట్టికే మారిపోవచ్చు. ఈ తప్పును కంపెనీ తనంతట తాను కనిపెట్టలేదు. లెక్క కుదరడం లేదని తల్లిదండ్రులు అడగబట్టి బయటపడింది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో సున్నా వచ్చిన అమ్మాయికి పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులు తేలిన సంగతి గుర్తున్నవారికి ఇది వింతగా తోచదు.

అమెరికాలో గిఫ్టెడ్ విద్యకు దేశమంతటికీ వర్తించే నిబంధన లేదు. ఎవరిని ప్రతిభావంతులనాలి, ఏ పరీక్ష పెట్టాలి, గీత ఎక్కడ గీయాలి అన్నవి రాష్ట్రాలూ, వాటి కింద స్కూల్ డిస్ట్రిక్టులూ తేల్చుకుంటాయి. ఒక ఊళ్లో గిఫ్టెడ్ అనిపించుకున్న పిల్ల పక్క కౌంటీకి ఇల్లు మారితే మామూలు పిల్ల అయిపోవచ్చు. చాలాచోట్ల ఒకటి, రెండు తరగతుల్లోనే కాగాట్, నాగ్లియరి వంటి పరీక్షలు పెడతారు. ఆ మార్కులకు టీచర్ అభిప్రాయం, పిల్లలు చేసిన పనుల నమూనాలు జతచేసి ఫైలును కమిటీ ముందు ఉంచుతారు. కమిటీ కాదంటే ఏం చేయాలన్నదీ రాష్ట్రాన్ని బట్టే. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ టెక్సస్‌లో ప్రతి డిస్ట్రిక్టు గిఫ్టెడ్ విధానంలోనూ అప్పీలుకు ఏర్పాటు ఉండి తీరాలి. వర్జీనియాలో కబురందిన పది బడి రోజుల్లోగా అప్పీలు వేయాలి. దాన్ని చూసే కమిటీలో ఎక్కువమంది మొదటి నిర్ణయంతో సంబంధం లేనివారై ఉండాలి. న్యూజెర్సీలో డిస్ట్రిక్టు గిఫ్టెడ్ చట్టాన్ని పాటించలేదనుకుంటే స్కూల్ బోర్డుకు, అక్కడ తేలకపోతే రాష్ట్ర విద్యా కమిషనర్‌కు ఫిర్యాదు చేసే వీలును 2020 నాటి చట్టం ఇచ్చింది.

దారి ఉంది సరే, ఆ దారిలో ఏం పట్టుకెళ్లాలి? కాదన్న ఉత్తరం చేతికొచ్చినప్పుడు తల్లిదండ్రులకు సహజంగా తోచేవి రెండు. చదువుకున్నవాళ్లు పరీక్ష పెట్టి చెప్పాక మనమనేదేముందని ఊరుకోవడం ఒకటి. మా వాడు మూడేళ్లకే ఎక్కాలు అప్పజెప్పాడు, మీకు వాడి విలువ తెలియలేదు అని నాలుగు పేజీలు రాయడం రెండోది. రెండింటి వెనకా ఉన్నది ఒకటే అపోహ: వచ్చిన నిర్ణయం పిల్లాడి తెలివి మీద తీర్పనుకోవడం. అది ఒకానొక రోజు తీసిన కొలత మీద, ఎవరో గీసిన గీత మీద నిలబడ్డ నిర్ణయం. అప్పీలులో ప్రశ్నించవలసింది ఆ కొలతను. ఎక్కాల కథ ఎంత నిజమైనా కొలతలో తప్పెక్కడుందో అది చెప్పదు.

కొలత ఎంత గట్టిదో చూద్దాం. ఐక్యూ అంకెకు సగటు 100. ఎంత శ్రద్ధగా తయారుచేసిన పరీక్షకైనా మూడు పాయింట్ల చుట్టుపట్ల కొలత దోషం మామూలే. గీత 130 దగ్గర ఉందనుకోండి. అసలు సామర్థ్యం 131 ఉన్న పిల్లకు పరీక్షలో 130 కన్నా తక్కువ వచ్చే అవకాశం మూడింట ఒక వంతు కన్నా ఎక్కువే. అసలు 128 ఉన్న పిల్లాడు గీత దాటే అవకాశం నాలుగో వంతు. అంకెను బంగారం తూచినట్టు రాస్తారు గానీ అక్కడున్నది కట్టెల అడితిలోని కాటా. పైగా తూచే వస్తువు కూడా నిలకడగా ఉండదు. కాగాట్ రూపకర్తల్లో ఒకరైన డేవిడ్ లోమన్ 2006లో మరో పరిశోధకురాలితో కలిసి రాసిన వ్యాసంలో ఈ మాటే చెప్పారు: ఒక తరగతిలో అందరికన్నా పైనున్న కొద్ది శాతం పిల్లల్లో ఎక్కువమంది ఒకటి రెండేళ్లు దాటి ఆ స్థానంలో నిలవరు. పరీక్ష తయారుచేసినవారే ఇంత జాగ్రత్తగా మాట్లాడుతుంటే, దాని ఫలితాన్ని శిలాశాసనంగా చదవడం మన తొందరే. 1921లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియా బడుల నుంచి మేధావి పిల్లలను ఏరే పని మొదలుపెట్టి 1,500 మందికి పైగా ఎంపిక చేశాడు. పరీక్ష రాసి గీతకు ఇవతల మిగిలిపోయినవాళ్లలో విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్ ఉన్నారు. ఇద్దరికీ తరవాత ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. ఎంపికైనవాళ్లలో ఒక్కరికీ రాలేదు. దీన్నిబట్టి పరీక్షలన్నీ దండగనడం కూడా తొందరపాటే, ఎందుకంటే టెర్మన్ పిల్లల్లో చాలామంది బాగానే రాణించారు. గీతకు దూరంగా ఉన్నవారి విషయంలో పరీక్ష చాలావరకు నమ్మదగిందే. గీత పక్కన ఉన్నవారి విషయంలోనే అది తడబడుతుంది.

కాబట్టి అప్పీలు పని మొదలవ్వాల్సింది ఉత్తరం రాయడంతో కాదు, కాగితాలు అడగడంతో. ఫెర్పా అనే 1974 నాటి ఫెడరల్ చట్టం బడిలో ఉన్న తమ పిల్లల రికార్డులు చూసే హక్కు తల్లిదండ్రులకు ఇచ్చింది. చూపించడానికి బడికి 45 రోజుల దాకా వ్యవధి ఉంటుంది. అప్పీలు గడువు పది రోజులే అయిన చోట ఆ కాగితాల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. అందుకే అడగడం మొదటిరోజే జరగాలి. చూడవలసినవి చిన్న సంగతులే: పుట్టినతేదీ సరిగా పడిందా, ఏ వయసు పట్టికతో పోల్చారు, అంకె పక్కన ఇచ్చిన హెచ్చుతగ్గుల పరిధిలో కటాఫ్ ఇమిడి ఉందా. కాగాట్‌లో మాటలు, అంకెలు, బొమ్మలు అని మూడు విభాగాలుంటాయి. అమ్మమ్మ, తాతయ్యల దగ్గర తెలుగులోనే పెరిగి ఐదో ఏట బడిలో ఇంగ్లిషులో పడ్డ పిల్లకు అంకెల్లో, బొమ్మల్లో మంచి మార్కులొచ్చి మాటల దగ్గర తగ్గితే అది భాష తెచ్చిన తేడా కావచ్చు. మూడూ కలిపిన మొత్తంలో అది కనబడకుండా పోతుంది. విడివిడి మార్కులు ముందు పెట్టి ఈ మాట చెబితే కమిటీకి ఆలోచించడానికి ఆధారం దొరుకుతుంది. డిస్‌లెక్సియా వంటి ఇబ్బంది ఉన్న పిల్లాడికి రాతపూర్వకంగా ఒప్పుకున్న అదనపు సమయం ఆ రోజు ఇవ్వకపోతే అంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు. ఇక పనుల నమూనాలంటే కుమాన్ ట్యూషన్ లెవెళ్లు, పోటీల సర్టిఫికెట్లు అనుకుంటాం. అవి చేసిన సాధనను చూపిస్తాయి. ఎవరూ చెప్పకుండా లెక్కకు తనదైన దారి వెతుక్కున్న ఒక్క కాగితం, కొట్టివేతలతో సహా, వాటికన్నా ఎక్కువ చెబుతుంది.

ఇదంతా తెలిసినవాళ్లకూ, తీరికున్నవాళ్లకూ, డాలర్లున్నవాళ్లకూ పనికొచ్చే వ్యవహారం కదా అన్నది గట్టి అభ్యంతరం. నిజమే. ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర ఐక్యూ పరీక్షకు వందల డాలర్లవుతుంది. అదృష్టం కొద్దీ గీత దాటినవాడు ఎప్పుడూ అప్పీలు వేయడు కాబట్టి తప్పులు ఒకవైపే దిద్దుబాటవుతాయి. అసలు పరీక్ష దాకా రాలేని పిల్లల లెక్క ఇంకా పెద్దది. ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ 2005లో, ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా రెండో తరగతి పిల్లలందరికీ ప్రాథమిక పరీక్ష పెట్టింది. ఆ ఫలితాలను ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో పరిశీలిస్తే గిఫ్టెడ్‌గా తేలేవారి నిష్పత్తి నల్లజాతి పిల్లల్లో 80 శాతం, హిస్పానిక్ పిల్లల్లో 130 శాతం పెరిగింది. అంటే ఆ పిల్లలు అంతకుముందూ ఉన్నారు, అడిగేవాళ్లే లేరు. అందువల్ల అందరికీ పరీక్ష పెట్టమని, రెండోసారి పరీక్షను బడి ఖర్చుతోనే చేయమని అడగడం న్యాయం. అప్పీలు తలుపు మూసేస్తే మాత్రం బయట ఉన్నవాళ్లలో ఒక్కరూ లోపలికి రారు. అయితే కొలతలో దోషం ఉందని వాదించే తల్లిదండ్రులకు ఒక నియమం వర్తిస్తుంది. కావలసిన అంకె వచ్చేదాకా ఒక సైకాలజిస్టు తరవాత ఇంకొకరి దగ్గరికి తిప్పి, వాటిలో పెద్దది ఏరి సమర్పించడం ఆ దోషాన్ని వాడుకోవడమే. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ చూసిన మనకు రెండో తరగతి కాగాట్ కోచింగ్ తప్పుగా తోచకపోవచ్చు. కానీ కోచింగ్‌తో పెరిగిన అంకె మీద నిలబడి కొలత సరిగా లేదనడం కుదరదు.

ఇంత పోరి సాధించేదేమిటన్నది రెండో అభ్యంతరం. 2014లో బుయి, క్రెయిగ్, ఇంబర్మన్ అనే ఆర్థికవేత్తలు ఒక పెద్ద నగర డిస్ట్రిక్టులో గీతకు అటూ ఇటూ ఉన్న పిల్లలను పోల్చితే, ఏడాదిన్నర తరవాత మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2021లో రెడింగ్, గ్రిసమ్ అనే పరిశోధకులు దేశవ్యాప్త సమాచారంతో చూసినప్పుడు చదవడంలో లాభం స్వల్పం, గణితంలో ఇంకా స్వల్పం. అప్పీలు ఓడితే పిల్లాడి బతుకు చిన్నదైపోదని ఈ అంకెలు చెబుతున్నాయి. అప్పీలు అనవసరమని మాత్రం చెప్పవు. ఎందుకంటే ఈ సగటుల్లో వారానికి ఒక గంట వేరే గదికి పిలిచి పజిళ్లు ఇచ్చే ప్రోగ్రామూ, రోజంతా వేరే తరగతి నడిపే ప్రోగ్రామూ కలిసిపోయి ఉంటాయి. మొదటి దానికోసం కాగితాలు పోగేసుకుంటూ పది రోజులు ఇల్లంతా గంభీరంగా తిరగడం దండగ. గణితం ఒక ఏడాది ముందుకు జరిపే ప్రోగ్రామైతే ఆలోచించదగిందే. సిద్ధంగా ఉన్న పిల్లలను పై పాఠానికి పంపడం మేలు చేస్తుందనడానికి ఆధారాలు చాలా ఉన్నాయి. అయోవా యూనివర్సిటీ 2004లో ప్రచురించిన ‘ఎ నేషన్ డిసీవ్డ్’ నివేదిక వాటిని ఒకచోట చేర్చింది. అప్పీలు ఓడిపోయినా ఈ పని ఆగనక్కర్లేదు. గిఫ్టెడ్ అనే ముద్ర లేకుండానే ఒక్క గణితం పీరియడుకు పై తరగతిలో కూర్చోనివ్వమని ప్రిన్సిపల్‌ను అడగవచ్చు. ఆ ఏడాది పాఠం వచ్చని తేలడానికి బడి తన ఏడాది చివరి పరీక్షనే పిల్లాడికి ముందుగా పెట్టి చూడవచ్చు, దానికి కమిటీ అక్కర్లేదు.