పెట్రోలు ట్యాంకుకూ ఊపిరి కావాలి

పోయిన ఏడాది మన హాస్టల్ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులంతా వేళకు వచ్చారు, మేము ముగ్గురం తప్ప. సూర్యాపేటలో మధ్యాహ్నం రెండు గంటలకే బయలుదేరాం. రెండు బండ్లు, ముగ్గురు మనుషులు. వార్డెన్ సారు మాట్లాడటం, పదో తరగతిలో ఫస్టు వచ్చిన తమ్ముడికి శాలువా కప్పడం అన్నీ అయిపోయి, కమాటి అన్న బెంచీలు లోపల పెడుతుండగా గేటు దగ్గర దిగాం. "బండి చెడిపోయింది" అంటే ఎవరూ నమ్మలేదు. ఏం చెడిపోయిందో ఆ రోజు మాకూ సరిగ్గా తెలియదు. తెలుసుకున్నాక, మన తమ్ముళ్ళలో కొందరైనా రేపు సెకండ్ హ్యాండ్ బండి కొంటారు కదా, వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

మా బండి 2018 మోడలు, కార్బొరేటర్‌ది. కొని పదిహేను రోజులే అయింది. ఊళ్ళో తిరిగినన్నాళ్ళు బాగానే ఉంది. రోడ్డెక్కాక పది పన్నెండు కిలోమీటర్లకోసారి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు ఆగి కిక్కు కొడితే మళ్ళీ స్టార్టయ్యేది. ప్లగ్గు విప్పి తుడిచాం. పెట్రోలులో నీళ్ళు కలిపారని బంకు వాళ్ళను తిట్టాం. మూడోసారి ఆగినప్పుడు, పెట్రోలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తెరిస్తే సైకిలు ట్యూబు గాలి తీసినట్టు "బుస్స్" మంది. మూత తెరిచాక మొదటి కిక్కుకే స్టార్టయింది!

ఇది అర్థం కావాలంటే మన వంటగదిలోకి వెళ్ళాలి. 15 కిలోల నూనె డబ్బాకు వంట మనిషి ఎన్ని రంధ్రాలు పొడుస్తాడో గమనించారా? రెండు. ఒకటి నూనె రావడానికి, ఇంకొకటి దానికి ఎదురుగా, గాలి పోవడానికి. ఒక్కటే పొడిస్తే నూనె గుడగుడమని నాలుగు చుక్కలు రాలి ఆగిపోతుంది. పెట్రోలు ట్యాంకూ అంతే. కిందనుంచి ఎంత పెట్రోలు దిగితే పైనుంచి అంత గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపల గాలి పలచబడి పెట్రోలును పట్టి ఉంచుతుంది, కార్బొరేటర్ ఎండిపోతుంది. మా బండిలో మూత రబ్బరు సందుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి దూరేది. అందుకే కాసేపు ఆగితే మళ్ళీ నడిచేది.

పాత బండ్లకు ఈ గాలి రంధ్రం మూతలోనే ఉండేది. దుమ్ము పట్టి అది పూడుకుపోతే బండి ఇలాగే ఆగేది, గుండుసూదితో శుభ్రం చేసుకునేవాళ్ళు. గాలి లోపలికి పోయే దారిలోనే పెట్రోలు ఆవిరి బయటకు వచ్చేది. ఎండలో పెట్టిన బండి దగ్గర వాసన వచ్చేది ఇందుకే. మన దేశంలో బీఎస్-4 నిబంధనలు వచ్చాక ఈ ఆవిరి మీద కూడా లెక్క పెట్టారు. 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బండ్లన్నీ ఆ నిబంధనల కిందివే. అప్పటినుంచి చాలా బండ్లలో ట్యాంకు నుంచి వచ్చే గాలి పైపును ఒక చిన్న నల్ల డబ్బాకు కలిపారు. దాన్ని కానిస్టర్ అంటారు. లోపల ఉండేది ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు. బొగ్గు రేణువుల్లో కంటికి కనబడని రంధ్రాలు కోట్ల కొద్దీ ఉంటాయి, పెట్రోలు ఆవిరి వాటికి అంటుకుంటుంది. బండి ఎండలో నిలబడ్డప్పుడు ఆవిరిని దాచుకుంటుంది, ఇంజను నడిచేటప్పుడు ఆ ఆవిరిని ఇంజను లాక్కుని మండిస్తుంది. అంటే ఆ డబ్బాకు మూడు దారులు: ఒకటి ట్యాంకుకు, ఒకటి ఇంజనుకు, ఒకటి బయటి గాలికి. ఆ మూడోదారి నుంచే ట్యాంకు ఊపిరి పీల్చుకుంటుంది.

మా ముగ్గురిలో ఒకడు ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివి సొంతంగా షెడ్డు నడుపుతున్నాడు. ఆ రాత్రి హాస్టల్ వరండాలో లైటు కింద సీటు విప్పి చూశాడు. డబ్బా లేదు! అంతకుముందు ఎవరో మెకానిక్ "ఇది దండగ, తీసేస్తే మైలేజి పెరుగుతుంది" అని తీసేసి ఉంటాడు. ఇంజను వైపు మూతిని మూయాలి కదా, దాంతోపాటు ట్యాంకు పైపులో కూడా ఒక బోల్టు దిగ్గొట్టాడు. ఆ బోల్టే మమ్మల్ని సభకు రానివ్వలేదు.

ఇక్కడిదాకా తప్పు వేరేవాళ్ళది. తరువాతది మాదే, దాచకుండా రాస్తున్నాం.

మావాడు ఆ బోల్టు పీకేసి పైపును అలాగే కిందికి వదిలేశాడు. బండి నడిస్తే చాలనుకున్నాం. పొద్దున్నే తిరుగు ప్రయాణం కదా అని బంకుకు పోయి ట్యాంకు మూతిదాకా నింపించుకొచ్చాం. బయట పెడితే పెట్రోలు దొంగిలిస్తారని ఎనిమిదో తరగతి పిల్లలు పడుకునే గది పక్కన, సామాన్ల గదిలో పెట్టి తలుపు వేశాం. బంకులో పెట్రోలు భూమిలోపలి ట్యాంకులో చల్లగా ఉంటుంది. వేడి ఇంజను మీద ఉన్న ట్యాంకులోకి వచ్చాక వేడెక్కి పొంగుతుంది. అలా పొంగింది తెరిచి ఉన్న పైపులోంచి చుక్క చుక్కగా నేల మీద పడింది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, తలుపు కింది సందులోంచి నేల వెంబడి పాకుతుంది. మన పిల్లలు పడుకునేది నేల మీద, చాపల మీద. గదిలో దోమల చుట్ట ఒకటి వెలుగుతోంది.

పన్నెండు గంటలకు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగేసరికి ఒక పిల్లాడు లేచి "అన్నా, పెట్రోలు వాసన, తల తిరుగుతోంది" అని వాచ్‌మన్ దగ్గరికి పోయాడు. కొవ్వొత్తి వెలిగించబోతున్న వాచ్‌మన్ ఆ మాట విని అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని ముందు పిల్లలను బయటకు పంపాడు, దోమల చుట్టను నీళ్ళ బకెట్లో వేశాడు, ఆ తరువాత మమ్మల్ని లేపాడు. సెల్‌ఫోన్ వెలుతురులో బండిని చెట్టు కిందికి తోసుకుపోయాం. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు నూటికి ఒకటిన్నర పాళ్ళు చేరితే చాలు, నిప్పు తగలగానే భగ్గుమంటుంది. పైగా పెట్రోలులో బెంజీన్ ఉంటుంది, నూటికి ఒక పాలు దాకా అనుమతి ఉంది. అది కేన్సరుకు కారణమయ్యే పదార్థం. ఆ రాత్రి మా ముగ్గురిలో ఎవరం పడుకోలేదు.

ఇక బండి నుంచి పీకేసే మిగతా వాటి సంగతి. ఇంజను తల నుంచి ఫిల్టరు డబ్బాకు పోయే సన్నటి గాలి పైపును చాలామంది మూసేయిస్తారు. అది ఇంజనులో మండగా మిగిలిన ఆవిరి సైలెన్సర్‌లో పూర్తిగా కాలడానికి కొంచెం గాలి అందిస్తుంది. ఆ గాలి పోయేది ఇంజను పని అయిపోయిన తరువాత, కనుక దాన్ని మూస్తే మైలేజి పెరగదు. రేసు వదిలినప్పుడు వచ్చే "టప్ టప్" శబ్దం తగ్గుతుంది, అంతే. సైలెన్సర్‌లో తేనెపట్టులా ఉండే కన్వర్టర్‌ను పొడిచి తీసేవాళ్ళున్నారు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. దాని కోసం వ్యాన్ల సైలెన్సర్లు దొంగిలించిన ముఠాలు గుజరాత్, మహారాష్ట్రల్లో పట్టుబడ్డాయి. "చెత్త, నేను పారేస్తాలే" అని మెకానిక్ అంటే అది ఎక్కడికి పోతుందో అడగండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగను పసిగట్టే సెన్సారు ఉంటుంది. దాన్ని తీసేస్తే మీటరులో ఇంజను లైటు వెలుగుతూ ఉంటుంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగవచ్చు.

"పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా" అంటారు. ఆ పరీక్షలో గొట్టం పెట్టేది సైలెన్సర్‌లో, ట్యాంకు ఆవిరిని అది చూడదు. చట్టం మాత్రం చూస్తుంది. 2019 సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు బండికి చేయిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. అది మెకానిక్‌కు కాదు, యజమానికి.

మీ బండి మా బండిలా దూరం పోయాక ఆగుతుంటే, ఇంజను కాస్త చల్లబడ్డాక, దగ్గర నిప్పు లేకుండా చూసుకుని మూత తెరిచి వినండి. బుస్సుమని గాలి పీల్చి, వెంటనే స్టార్టయితే గాలి దారి మూసుకుపోయినట్టు. సీటు కింద పైపు నలిగిందేమో, మూతిలో బురద చేరిందేమో ముందు చూడండి. డబ్బాను అనుమానించేది చివరన. డబ్బా పాడయ్యేది కూడా ఎక్కువగా మన చేతులతోనే, ట్యాంకును మూతిదాకా నింపించి. పెట్రోలు పైపులోకి పొంగి బొగ్గును తడిపేస్తే అది గాలిని సరిగా పోనివ్వదు. మూతి లోపలి అంచు దగ్గర ఆపమని బంకు అబ్బాయికి చెప్పండి. బండి ఊగిస్తూ ఇంకో యాభై రూపాయలది పట్టించే అలవాటు మాకూ ఉండేది.

మా బండికి కొత్త డబ్బా తెచ్చి, మావాడే తన షెడ్డులో మూడు పైపులూ వాటి వాటి చోట బిగించాడు. ఈ ఏడాది అదే బండి మీద సూర్యాపేట నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చాం, వార్డెన్ సారు మైకు దగ్గరికి పోకముందే బెంచీ మీద కూర్చున్నాం. బండి మాత్రం గేటు బయట వేపచెట్టు కింద ఉంది. ఎక్కడ పెట్టాలో వాచ్‌మన్ అన్న మేము దిగకముందే చూపించాడు.