విడవని ఒక్కపొద్దు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో శనివారం వచ్చిందంటే చాలా యిళ్ళలో పెద్దలు ఒక్కపొద్దు వుంటారు. సాయంకాలం దీపం వెలిగించి, స్వామికి దణ్ణం పెట్టుకుని ఒక్కపొద్దు విడుస్తారు. అప్పుడు కంచంలో పప్పూ అన్నమూ వడ్డిస్తూంటే వారి ముఖాలు యెంత తృప్తిగా వుంటాయో మీరు చూచే వుంటారు. ఉపవాసానికి మొదలూ వుంది, ముగింపూ వుంది.

కాని ముగింపు లేని ఉపవాసం కూడా ఒకటి వుంది. అది వ్రతం కాదు, జబ్బు. దానిని గురించి పిల్లలూ తెలుసుకోవాలి, పెద్దలూ తెలుసుకోవాలి.

మీ తరగతిలో చదివే ఒక బాలికను వూహించుకోండి. ఆమెకు పదమూడేళ్ళు. ఒక పెళ్ళిలో చుట్టాలావిడ ఆమెను చూచి, "ఏమే, ఈ యేడు బాగా వొళ్ళు చేశావే!" అని నవ్వింది. చుట్టూ వున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ మాట అన్నావిడ మర్నాటికే మరిచిపోయింది. బాలిక మాత్రం మరిచిపోలేదు. మొదట మిఠాయిలు మానింది. తరవాత రాత్రి అన్నం మానింది. అమ్మ అడిగితే "బళ్ళో తిన్నాను" అనీ, బళ్ళో అడిగితే "ఇవాళ ఒక్కపొద్దు" అనీ చెప్పసాగింది. కొన్నాళ్ళకు మే నెల యెండలో కూడా ఆమెకు చలి వేసేది. జుట్టు రాలింది. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. అయినా అద్దం ముందు నిలబడితే తాను లావుగానే వున్నట్టు తోచేది.

అద్దం అబద్ధం చెప్పిందా? లేదు. చూసేవి కళ్ళే అయినా, చూచినదేమిటో చెప్పేది మనసు. భయం పట్టిన మనసుకు తాడు కూడా పాములాగే కనిపిస్తుంది గదా!

లండనులో విలియం గల్ అనే వైద్యుడు 1873లో ఈ జబ్బును గురించి తోటి వైద్యులకు వివరించాడు. ఆయన పెట్టిన "అనొరెక్సియా నెర్వోసా" అన్న పేరే యిప్పటికీ వాడుకలో వుంది. సినిమాలూ, సెల్‌ఫోనులూ పుట్టకముందే యీ జబ్బు వున్నదన్నమాట. దీనికి తోబుట్టువు మరొకటి వుంది. అది పట్టినవారు కొంతసేపు ఆపుకోలేకుండా తింటారు. ఆ తరవాత సిగ్గుతో, భయంతో కుమిలిపోయి, తిన్నదాన్ని వదిలించుకోవాలని చూస్తారు. దానిని 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే వైద్యుడు "బులిమియా నెర్వోసా" అన్నాడు. ఇవి ఆడపిల్లలకే గాక మగపిల్లలకూ వస్తాయి. సన్నగా వున్నవారికే వస్తాయని కూడా లేదు.

వీటికి కారణం ఒక్కటే కాదు. కొంత వంశంలో వస్తుంది. కొంత స్వభావంలో వుంటుంది. ప్రతి పనీ తప్పు లేకుండా చెయ్యాలని తపించే పిల్లలు సులువుగా దీని వాత పడవచ్చు. దీనికి తోడు హేళనలూ, సెల్‌ఫోనులో నున్నగా దిద్దిన ఫొటోలూ వున్నాయి. సరిగ్గా అదే వయసులో శరీరం వేగంగా మారుతుంది. ఆడపిల్లల వొంటికి కొంత కొవ్వు చేరడం పెరుగుదలలో భాగమే. అది లేకపోతే శరీరం సరిగా యెదగదు. చిత్తూరు జిల్లా మామిడితోటలో చూడండి: తోతాపురి కాయ కొనదేలి పొడుగ్గా వుంటుంది, నీలం కాయ గుండ్రంగా వుంటుంది. నీలం కాయను తోతాపురి కాలేదని యెవరూ తప్పు పట్టరు.

"మరి బుద్ధిగా తినమని చెబితే సరిపోదా?" అని మీరడగవచ్చు. సరిపోదు. ఎందుకో ఒక ప్రయోగం చెబుతుంది.

రెండవ ప్రపంచయుద్ధంలో ఐరోపా ప్రజలు కరువుతో మాడిపోతున్నారు. వారిని తిరిగి యెట్లా కోలుకునేటట్టు చెయ్యాలో తెలుసుకోవటానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు పరిశోధన తలపెట్టాడు. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు తమంతట తాము ముందుకు వచ్చారు. 1945లో ఆరు నెలలపాటు వారికి సుమారు సగం తిండి మాత్రమే పెట్టారు. వారు చిక్కిపోయారు, అందులో వింత లేదు. వింత యేమిటంటే, వారి మనసులు మారిపోయాయి. చలాకీగా వుండే వాళ్ళు చిరచిరలాడసాగారు. స్నేహితులతో మాటలు తగ్గించారు. రాత్రింబగళ్ళు తిండి ధ్యాసే! కొందరు వంటల పుస్తకాలు పోగుచేసి చదివారు. గుండె కొట్టుకోవటం నెమ్మదించింది. తిరిగి కడుపునిండా పెట్టిన తరవాత కూడా కోలుకోవటానికి నెలలు పట్టింది.

దీన్నిబట్టి తేలినదేమిటి? ఆకలి మనసును కూడా కమ్మేస్తుంది. తిండి మానినకొద్దీ భయం పెరుగుతుంది. భయం పెరిగినకొద్దీ తిండి మానబుద్ధవుతుంది. అటువంటి బిడ్డను "మొండిది" అని తిట్టటం, జ్వరం వచ్చినవాడిని వొళ్ళు యెందుకు కాల్చుకున్నావని తిట్టటం వంటిదే. ఉపేక్షిస్తే గుండె దెబ్బతిని ప్రాణం మీదికి కూడా వస్తుంది.

అందుకే చికిత్సలో మొదటి మందు అన్నమే. ముందు వైద్యుడు గుండెనూ, రక్తాన్నీ పరీక్షిస్తాడు. మరీ చిక్కిపోయినవారికి ఆసుపత్రిలో కొద్దికొద్దిగా ఆహారం పెంచుతారు. ఒక్కసారిగా యెక్కువ పెడితే రక్తంలోని లవణాలు తారుమారై ప్రమాదం రావచ్చు. తరవాత మనసుకు వైద్యం. 1980ల నుంచి లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు ఒక పద్ధతిని పెంపొందించారు. అందులో అమ్మా నాన్నా వైద్యుడికి కుడిభుజం. ప్రతి పూటా బిడ్డ పక్కన కూర్చుని, కోపగించుకోకుండా, వదలిపెట్టకుండా తినిపిస్తారు. వారు పోరాడేది జబ్బుతో, బిడ్డతో కాదు.

మనసు జబ్బులకు యింటివారి తోడు కావాలన్న సంగతి మన పక్కనే వున్నవారికీ తెలుసు. చిత్తూరుకు దగ్గరలో వున్న వేలూరులో క్రిస్టియన్ మెడికల్ కాలేజీవారు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం ప్రారంభించారు. అక్కడ రోగితోబాటు యింటివారు కూడా వుండటం ఆనవాయితీ. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో కూడా మానసిక వైద్యులున్నారు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోను చెయ్యవచ్చు. అది 2022లో ప్రభుత్వం ప్రారంభించిన "టెలి మానస్". డబ్బు పుచ్చుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు.

పెద్దలారా! పిల్లల యెదుట వారి లావునూ, సన్నాన్నీ లెక్కకట్టకండి. మీ వొంటిని మీరే తిట్టుకోకండి, పిల్లలు వింటూంటారు.

పిల్లలూ! ఎవరినీ "బొండాం" అనీ, "పుల్ల" అనీ పిలవకండి. మీ స్నేహితురాలు రోజూ అన్నం డబ్బా మూత తియ్యకుండానే యింటికి పట్టుకుపోతూంటే, అది రహస్యంగా దాచవలసిన సంగతి కాదు. పంతులమ్మకో, మీ అమ్మకో చెప్పండి. అది చాడీ కాదు. ఆ బాధ మీదే అయితే, మీరు నమ్మే పెద్దవారెవరికైనా ఈ పూటే చెప్పండి. ఈ జబ్బు నయమవుతుంది. త్వరగా చెబితే త్వరగా నయమవుతుంది.

ఈ రాత్రి అవ్వ సంగటి ముద్దలో గుంట చేసి, పక్కన ఊరుబిండి వేసి పిలిస్తే, అందరితో కలిసి కూర్చోండి. ఒక్కపొద్దు ఎంత గొప్పదైనా, దాన్ని విడిచే పూట ఒకటి వుండి తీరాలి.