గణనశాలలు ఎవరి కొరకు?

ఒక పాఠశాలలో వేయి సమాధాన పత్రములు దిద్దవలసి యున్నవనుకొందము. ఒక్క ఉపాధ్యాయుడైనచో నెల దినములు పట్టును. ఇరువదిమంది కూర్చున్నచో రెండు దినములలో ముగియును. సూపర్ కంప్యూటరు రహస్యము ప్రధానముగా ఇదియే. అది ఒంటరి యంత్రము కాదు. వేలకొలది ప్రాసెసర్లు పని పంచుకొను గణనశాల.

అయితే పంచుకొన్న మాత్రమున చాలదు. యంత్రమునకు ఒక భాషను నేర్పునపుడు ప్రతి ప్రాసెసరును తన భాగము ముగించి, తాను కనుగొన్న సవరణలను తక్కిన వానితో సరిచూచుకొని ముందుకు సాగవలెను. ఒకటి ఆలసించినచో తక్కినవి సాధారణముగా వేచి యుండవలసినదే. కనుక ప్రాసెసర్లెంత ముఖ్యమో, వానిని కలుపు తీగలును, వేడిని తొలగించు ఏర్పాటును, ఎడతెగని విద్యుత్తును అంత ముఖ్యములు.

ఈ సంపద మనకు సులభముగా రాలేదు. 1980 దశకమున అమెరికా తన శక్తిమంతములైన సూపర్ కంప్యూటర్లను మనకు విక్రయించుటకు సంకోచించినది. 1988లో పూనాలో సీ-డాక్ సంస్థ వెలసినది. విజయ్ భట్కర్ నాయకత్వమున 1991లో 'పరమ్ 8000' సిద్ధమైనది. సంస్కృతమున పరమమనగా శ్రేష్ఠము. ఆంగ్లమున 'ప్యారలెల్ మెషీన్' అను మాటల సంక్షేపమే పరమ్. పని పంచుకొను ధర్మము పేరులోనే ఇమిడి యున్నది. ఆ వంశమునదే కృత్రిమ మేధకై నిర్మించిన 'పరమ్ సిద్ధి'. 2020 నవంబరులో ప్రపంచపు 500 యంత్రముల పట్టికలో దానికి 63వ స్థానము లభించినది. పరీక్షలో అది సెకనుకు దాదాపు 46 కోట్ల కోట్ల గణనలు చేసినది. అయినను దాని వేగమునకు మూలమైన జీపీయూ ప్రాసెసర్లు అమెరికాకు చెందిన ఎన్విడియా సంస్థవి. స్వావలంబనమునకు ఇంకను దూరము కలదు.

2015లో మొదలైన జాతీయ పథకము క్రింద ఉన్నత విద్యాసంస్థలలో ఇట్టి యంత్రములు నెలకొన్నవి. హైదరాబాదు సమీపమున కందిలోని ఐఐటీలో 'పరమ్ సేవ' యున్నది. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గము పరిశోధకులకును, నూతన సంస్థలకును 10,000కు పైగా జీపీయూలను అందుబాటులోనికి తెచ్చు పథకము నామోదించినది.

చెరువు త్రవ్వించుట ఒక ఎత్తు; చివరి మడికి నీరు పారించుట ఒక ఎత్తు. యంత్రమునకు పుట్టుకతో తెలుగు రాదు. మనము వ్రాసి యిచ్చినదే దాని పాఠ్యపుస్తకము. మాండలిక పదములు సేకరించు ఒక చిన్న పట్టణపు కళాశాల విద్యార్థికి ఈ గణనశాలలో కొన్ని గంటలు లభించనిచో, ఆ పదములు దాని చదువులో చేరకపోవచ్చును. అప్పుడది తెలుగు మాటాడును. కాని మన ఊరి తెలుగు కాదు. ప్రాసెసర్ల సంఖ్య పెరిగినదని సంతోషించుటతో పాటు, వాని తలుపు ఎవరికి తెరచియున్నదో కూడ మనము విచారింపవలెను.