పరుగెత్తు స్త్రీలు – నాడిని కొలుచు సాధనము

పరుగు పురుషులకే తగిన వ్యాయామమను మాట యిపుడు చెల్లదు. తాడేపల్లిలో సీతానగరమువైపునను, ఉండవల్లి త్రోవను వేకువనే పరుగెత్తు స్త్రీలు గలరు. వారికి తఱచుగా కలుగు సందేహ మొకటి: గుండె వేగమును దెలుపు హార్ట్ రేట్ మానిటరు అవసరమా? కొన్నచో తక్కువ వెలలో నేది మేలు?

దీని ప్రయోజనము మన సీమలో స్పష్టముగా గాననగును. పుష్యమాసమున సుఖముగా పరుగెత్తిన దూరమునే వైశాఖమున అదే వేగముతో పరుగెత్తినచో, దేహమును చల్లబఱచుటకై చర్మమునకు రక్తమును హెచ్చుగా పంపవలసియుండుటచేతను, చెమటచే నీరు తఱుగుటచేతను గుండె మిక్కిలి వేగముగా గొట్టుకొనును. కాళ్లకు తెలియని శ్రమను నాడి తెలుపును. రక్తహీనత గలవారికి సైతము కొలది శ్రమకే నాడి హెచ్చును. అందఱికిని వడ్డించి, మిగిలినది తిను గృహిణులలో నీ లోపము మెండు. కావున అంకె యెప్పుడును హెచ్చుగానున్నచో, నేను దుర్బలురాలనని పరుగు మానుట కాదు, రక్తపరీక్ష చేయించుకొనవలెను.

వెలలేని సాధనము మన చేతనే యున్నది. నాడీపరీక్ష శార్ఙ్గధర సంహితయందు చెప్పబడినదే. పరుగు నిలిపిన వెంటనే మణికట్టున బొటనవ్రేలి ప్రక్క రెండు వ్రేళ్లుంచి, 15 సెకనులు లెక్కించి, 4చే హెచ్చింపుడు. 220 నుండి వయస్సును తీసివేయగా వచ్చునది గరిష్ఠవేగమునకు స్థూలమైన అంచనా. 35 ఏండ్ల స్త్రీకది 185. మితవ్యాయామమున అందు నూటికి 50 మొదలు 70 వంతులు, అనగా 93 మొదలు 130 వఱకు, ఉండవచ్చును. పరుగెత్తుచు మాటలాడగలిగినచో శ్రమ మితముగా నున్నదని యెఱుగుడు.

కొనదలచినవారికి సాధనములు రెండువిధములు. మొదటిది ఛాతీపట్టీ. ఇది గుండెయందలి విద్యుత్ సంకేతమును గ్రహించును గావున పరుగులో మిక్కిలి నమ్మదగినది. 1977లో ఫిన్లాండునందు స్థాపింపబడిన పోలార్ కంపెనీ దీనిని వ్యాప్తిలోనికి దెచ్చినది. రెండవది మణికట్టు బ్యాండు. ఇది ఆకుపచ్చని వెలుగును చర్మముపై ప్రసరింపజేసి, తిరిగివచ్చు వెలుగునుబట్టి లెక్కించును. ధర తక్కువ, దినమంతయు ధరింపవచ్చును; కాని వదులుగా నున్నచో అడుగుల లయనే నాడిగా భ్రమించును. దీనిని మణికట్టు ఎముకకు రెండు వ్రేళ్లు పైగా, బిగువుగా, గాజులు లేని చేతికి ధరింపవలెను.

కొనుటకు ముందు నాలుగు ప్రశ్న లడుగుడు. పరుగులోనే అంకె కనబడునా? మన ఫోనుతో కలియునా? నెలసరి రుసుము కలదా? నచ్చనిచో తిరిగి తీసికొందురా? ఇంటికి వచ్చినపిదప వ్రేళ్ల లెక్కతో సరిచూడుడు. రక్తములోని చక్కెరను సూదిలేక చెప్పునను ప్రకటనకు సొమ్మియ్యకుడు. అట్టి గడియారమునకు తా మనుమతి యియ్యలేదని అమెరికా ఔషధసంస్థ 2024లో హెచ్చరించినది.

రక్తపోటు మాత్రలలో కొన్ని నాడిని తగ్గించును. అట్టివారు పై లెక్కను నమ్మక వైద్యునడిగి పరుగెత్తవలెను. ఛాతీనొప్పి, తలతిరుగుట గలిగినచో, యంత్రమేమి చెప్పినను, పరుగు నిలిపి వైద్యుని జూడుడు. ఇంటివారి జ్వరమునకు థర్మామీటరు కొనుటకు వెనుదీయని గృహిణి, తన గుండెకొఱకు తగుమాత్రపు వ్యయము చేయుట దుబారా కాదు.